పాతకారునకు ముందద్దము కూర్చుట



జ్యేష్ఠమాసాంతమున మొదలిడిన వాన ఆశ్వయుజము వఱకు తెఱపి నెఱుఁగక కురియు జయపురసీమలో, పాతకార్లు గలవారి నోట ఆ నాలుగు నెలలును తఱచుగ వినవచ్చు మాట యొకటి కలదు: "అద్దం కింద నీళ్ళు కారిపోతన్నాయండి." ఆ నీరు ముందద్దపు మూలనుండి లోనికి దిగి, డాష్‌బోర్డు వెనుకనున్న తీగలమీఁదుగా, ఫ్యూజులమీఁదుగా ప్రవహించి, తోలువాని పాదములను తడిపి, చాపక్రిందఁ జేరి, అక్కడ నెవ్వరి కంటికిని కానరాకుండ నిలిచి, రెండుమూఁడు వర్షర్తువులు గడచునప్పటికి నేలరేకును తినివేయును. యజమాని వానను నిందించును. షెడ్డువాఁడు గొట్టములోని జిగురు నేదో పిండి పైకి పులిమి పంపును. మఱుసటియేఁడు ఆ కారే, ఆ మూలతోనే, ఆ షెడ్డునకే వచ్చును. పాతబండి శరీరమంతయు ఎంతకాలము నిలుచునన్నది యింజనుమీఁద కంటె ఈ అద్దముమీఁదను, దాని చుట్టునున్న రబ్బరుమీఁదను ఎక్కువగ ఆధారపడి యున్నదని నా దృఢమైన అభిప్రాయము. అందుచేత ఆ రెంటిని యథావిధిగ నెట్లు కూర్పవలెనో నేఁడు కొంత వివరముగ మనవి చేయఁదలఁచితిని.

ఈ విషయము నితర ప్రాంతములవారు చెప్పుటకంటె మనమే చెప్పుకొనుట యుక్తమని తోఁచుటకు కారణము మన దారులు. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడు పర్యంతము ఈ సీమ విశాఖపట్టణము జిల్లా యేజెన్సీలోనిది. సరిహద్దు మాఱినను బంధుత్వములు మాఱలేదు, వర్తకము మాఱలేదు, పెండ్లిండ్లకును, వైద్యమునకును, చదువులకును విజయనగరమునకు దిగివచ్చుట మాఱలేదు. రాయగడవారికి రాయపూరు–విజయనగరము రైలుదారి ముందునుండియే అండగ నుండెను గాని, జయపురమువారికి కొత్తవలసనుండి కిరందూలునకు ఇనుపరాతికొఱకు వేసిన దారి 1960వ దశాబ్దమున వచ్చునంతవఱకు ఘాటురోడ్డే శరణ్యమై యుండెను. సాలూరు దాటి, సుంకి ఘాటు మలుపు లెక్కి, పొట్టంగి, సునాబేడాలమీఁదుగా సుమారు 2,900 అడుగుల యెత్తుననున్న కోరాపుట్టుఁ జేరి, అచ్చటనుండి మరల జయపురమునకు దిగు ఆ మార్గమున, ఒక్కొక్క మలుపున ఒక చక్రము గోతిలోను, ఒక చక్రము గట్టుపైనను ఉండఁగా, బండి బాడీ యంతయు ఒక మూలనుండి యెదుటి మూలకు మెలిపడును. ఆ మెలి కంటి కగపడదు. డోరు కిఱ్ఱుమని మూలుగునప్పుడు మాత్రము చెవికి తెలియును. ముందద్దమును పట్టియుంచు రేకుచట్రము ఆ క్షణమున చతురస్రత నించుక కోల్పోవును. అద్దమునకు మాత్రము వంగు గుణము లేదు. వంగెడి రేకునకును, వంగని గాజునకును నడుమ నిలిచి, ఆ రెంటి వైరమును తనలో నిముడ్చుకొనునది రబ్బరు. దానిని కేవలము నీరు రాకుండ నాపు అంచుగ మాత్రమే భావించుటచేత జరిగిన అనర్థము లనేకములు. పాతకారులో అద్దము రేకునకు అతుకఁబడి యుండదు, తగిలియు నుండదు. అది రబ్బరులో తేలియాడుచుండును. నేను చెప్పఁబోవు దంతయు ఈ యొక్క సూత్రమునకు వ్యాఖ్యానము వంటిది.

క్రొత్తకార్ల పద్ధతి వేఱు. వానిలో ముందద్దమును పాలియురిథేను జిగురుతో రేకునకు బలముగ నతికింతురు. అద్దము బాడీ బలములో భాగమగును. ఆ బాడీయును అట్టి యమరికకు తగినట్లు గణితముచేసి కట్టఁబడినది. ఆ జిగురు మేలైనదని విని, అంబాసిడరు అద్దమునకు రబ్బరు తీసివేసి జిగురు వేయింపఁబోవువారు కొందఱు కలరు. వారి కొక్క విన్నపము: ఆ పని చేయింపవలదు. జిగురున కనువుగ చదునైన వెడల్పాటి యంచు ఆ కారుచట్రమునకు లేదు. దాని బాడీ మెలి యంతయు నేరుగ గాజుమీఁదికి పోవును. ఘాటు దిగునప్పుడే యొక మూలనుండి యొక గీఁత బయలుదేఱి అద్దముమీఁద ప్రాఁకును.

ఇఁక మనసీమలో తిరిగిన బండ్ల సంగతి. 1958లో దండకారణ్య ప్రణాళిక యారంభమైన పిమ్మట కోరాపుట్టు కొండలలో జీపుల సంచారము మిక్కుటమయ్యెను. జీపు అద్దములు, ఒక పలక యైనను రెండు పలక లైనను, చదునైనవి. కలకత్తా చేరువనున్న ఉత్తరపాడలో హిందుస్తాన్ మోటార్సువారు తొలిదినములలో కూర్చిన హిందుస్తాన్ 14 కారునకును, బేబీ హిందుస్తానునకును సయితము నడుమ నిలువుపట్టీతో రెండుగ విభజింపఁబడిన అద్దము లుండెను. పెద్దపలకను వంపుగ తీర్చుట ఆ కాలమున వ్యయసాధ్యమై యుండుటయే అందులకు హేతువు. తరువాత వచ్చిన లాండ్‌మాస్టరునకు, 1950వ దశాబ్దము చివర వచ్చి 2014 మే నెల వఱకు తయారైన అంబాసిడరునకు, బొంబాయినుండి వచ్చిన ఫియట్టునకు ఒక్కపలక వంపుటద్దములు వచ్చినవి. ఈ భేదము మరమ్మతువేళ మిక్కిలి ముఖ్యమైనది. చదునుటద్దము జయపురము బజారులోనే కోయించుకొనవచ్చును. వంపుటద్దము మూసలో పుట్టినది, అది పగిలిన యెడల మరియొక మూస అద్దమే కావలెను.

చదునుటద్దము సులభముగ దొరకును గదా యని కిటికీల గాజును కోయించి జీపునకు బిగించువారిని చూచి నే నెప్పుడును వ్యథపడుదును. కిటికీగాజు పగిలినప్పుడు కత్తులవంటి పెంకు లగును. అవి ముఖమున కెదురుగ నుండును. మోటారుబండ్లకు రక్షకగాజు వేయవలెనన్న నియమ మూరక పుట్టలేదు. 1903లో ఎడ్వర్డు బెనెడిక్టసను ఫ్రెంచి రసాయనవేత్త చేతినుండి జాఱిపడిన గాజుకుప్పె పగిలియు చెదరక నిలిచినదఁట. అందు మునుపున్న సెల్యులోజు ద్రావణ మెండి లోపలి గోడకు పొరగ నంటుకొని యుండెను. ఆ యూహనుండి రెండు పలకల నడుమ నొక పొర నిఱికించిన త్రిపుట గాజునకు 1909లో నతఁడు హక్కుపత్రము పొందెను. ఇప్పటి పొరగాజులో నడుమ నుండునది పాలివినైల్ బ్యుటిరాల్ అను పారదర్శక పదార్థము. రాయి తగిలినను గాజు సాలెగూటివలె చిట్లునే గాని రాలిపోదు. రెండవ విధము కాల్చి గట్టిపఱచిన గాజు: పలకను 600 డిగ్రీలు దాటునట్లు వేఁడిచేసి, ఒక్కుమ్మడి గాలితో చల్లార్చుటచేత పైపొరలు బిగిసి, లోపలిపొర లాగుకొని, ఆ రెంటి పెనఁగులాట వలన బలము కలుగును. దీనిని తరువాత కోయుటకుఁ గాని, అంచు అరగదీయుటకుఁ గాని వీలులేదు; గీఁత పడినంతనే పలక యంతయు చిన్నచిన్న గుండ్లుగ రాలును. వెనుకటి కార్లలో పెక్కింటికి ఈ గట్టిగాజే ముందద్దముగ నుండెను. పగిలినప్పుడు త్రోవ కానరాకుండుట దానిలోని మహాదోషము. తోలువాని యెదుటి భాగమున మాత్రము పెద్దపెంకులుగ చిట్లునట్లు చేసిన రకము లందుకే పుట్టినవి. జీపునకు చదునుపలక కావలసినవారు రెండువైపులను గీఁత పెట్టి కోయఁదగిన పొరగాజునే అడిగి తీసికొనవలెను. ఇరుప్రక్కల గాజును విఱిచిన పిదప నడిమిపొరను పలుచని బ్లేడుతో వేఱుచేయుట తెలిసిన పనివాఁడు ఏ పట్టణమున నైనను దొరకును. 1989నాఁటి కేంద్ర మోటారు వాహనముల నియమావళి ముందద్దమునుండి వెలుతురు నూటికి 70 పాళ్ళకు తగ్గక చొచ్చి రావలెనని విధించినది. ఆ కారణమున రంగుటద్దముల జోలికి పోకుండుటయు మంచిది.

రబ్బరును గూర్చి కొంత చెప్పవలసి యున్నది. 1839లో చార్లెసు గుడియరు గంధకముతో వేఁడిచేసి స్థిరపఱచిన నాఁటినుండి రబ్బరు మోటారు పరిశ్రమకు ప్రాణమైనది. చెట్టుపాలనుండి వచ్చిన సహజమైన రబ్బరు సాగుటలోను, మరల కుంచించుటలోను నిరుపమానమైనదే. కాని గాలిలోని ఓజోను దాని అణుశృంఖలలను తెంపును, ఎండ దాని నెండించును, నూనె దాని నుబ్బించును. ముందద్దపు రబ్బరు మూఁటికిని గుఱి యైనదే గనుక, పదిపదునైదేండ్లకు పైపెదవి పెళుసుబాఱి, నెఱ్ఱెలు విచ్చి, మూలలయందు కుంచించి అద్దమును విడిచిపెట్టును. 1960వ దశాబ్దమునుండి వాడుకలోనికి వచ్చిన ఈపీడీఎం అను కృత్రిమ రబ్బరు ఎండకును, ఓజోనునకును చాలవఱకు చలింపదు. క్రొత్త బీడింగు, అనఁగా ఈ ముందద్దపు రబ్బరు, కొనునప్పుడు ఆ రకమే యడిగి కొనుట శ్రేయస్కరము. ఈ రసాయన రహస్యము లన్నియు మనవారి కెంత చేరువలోనివో యనిపించు నొక సంగతి కూడ చెప్పెదను: విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారి విజ్ఞానశాస్త్ర కళాశాలకు పెట్టిన పేరు జయపురము మహారాజు విక్రమదేవవర్మగారిది. ఈ సీమ రాబడిలోనుండి యేఁటేఁట లక్షరూపాయలు ఆ విద్యాసంస్థకు దానముగ పోయెను. రసాయనశాస్త్రము నట్లు పోషించిన సీమలో, రబ్బరునకు కిరసనాయిలు పూసి మెఱపించు అలవాటు ఇంకను మానకుండుట నాకు బాధ కలిగించుచున్నది.

బీడింగును అడ్డముగ కోసి చూచినచో రెండు గాడులు కానవచ్చును: ఒకదానిలో అద్దపు అంచు కూర్చుండును, రెండవది చట్రము చుట్టును నిలిచియుండు రేకు అంచును పట్టుకొనును. కొన్ని రకములకు పైముఖమున నొక సన్నని కాలువ యుండి, అందు బిగింపుపట్టీ యెక్కును. ఆ పట్టీ యెక్కినతోడనే రబ్బరు పెదవులు ఇరువైపులకు నొక్కుకొని బిగియును. కొన్నింటిలో మెఱుఁగు కొఱకు క్రోమియము పట్టీయే ఆ పని చేయును. క్రొత్త రబ్బరు కొనునప్పుడు పాతదాని ముక్కను చేతఁబట్టుకొని పోయి, గాడుల వెడల్పును పోల్చి చూడవలెను. తొలుత గట్టిగాజున్న కారునకు పొరగాజు వేయునప్పుడు పలక దళసరి యించుక హెచ్చుట గలదు. ఒక్క మిల్లీమీటరు భేదమైనను రబ్బరు పెదవి రేకుమీఁద కూర్చుండక పైకి లేచును, అచ్చటనే వాననీరు త్రోవచేసికొనును. వర్తకుఁడు "అన్ని అంబాసిడర్లకూ ఇదేనండి" యని చెప్పిన మాటను విశ్వసింపరాదు.

పాతయద్దమును తీయుటలోనే సగము నేర్పున్నది. అద్దము మంచిదై రబ్బరు మాత్రమే చెడినప్పుడు, ఆ రబ్బరును కాపాడవలెనను లోభము బొత్తిగ కూడదు. పెళుసైన బీడింగును చెక్కుచెదరకుండ లాగఁబోయి, స్క్రూడ్రైవరుతో అంచున మీటఁబోయి, ఇఁక దొరకని అద్దమును పగులఁగొట్టుట నే నెఱిఁగిన షెడ్లలో తఱచు జరుగు ప్రమాదము. వెలుపలి పెదవిని పదునైన కత్తితో, సబ్బునీటిలో ముంచి ముంచి, చుట్టును కోసివేసినచో అద్దము తనంత విడివడును. ఇద్దఱు నిలిచి అరచేతులతో పైకెత్తుటయే మిగులును. గోనెపట్టా మడతలపై నిలువుగ నానించి పెట్టవలెనే గాని పరున్నట్లు పెట్టరాదు. వంపుటద్దము పరున్నప్పుడు రెండు కొనలమీఁద బరువు మోపును. లోపలివైపునుండి నెట్టి తీయవలసిన యవసరము కలిగినప్పుడు పైమూలనుండి యారంభించి, అరచేతి మెత్తతోనే నెట్టవలెను. అద్దపు నడుమ నెన్నఁడును బలము ప్రయోగింపరాదు.

అద్దము తీసిన పిమ్మట అసలు రోగము బయటపడును. రేకు అంచు వెంబడి, ముఖ్యముగ క్రింది రెండు మూలలయందు, పాతరబ్బరు క్రింద నిలిచిన నీటివలన తుప్పు పొలుసులు పొలుసులుగ లేచి యుండును. కొన్ని బండ్లలో వ్రేలు పట్టునంత రంధ్రములే యుండును. ఇచ్చట తొందరపడువాఁడు లప్పము పెట్టి చదును చేసి రంగు పులుముచున్నాఁడు. లప్పమునకు రబ్బరు బిగింపును మోయు బలము లేదు. ఘాటుమీఁద మెలిపడిన మొదటి దినముననే అది పగిలి, లోపల నీటిని భద్రముగ దాచిపెట్టును. టింకరును పిలిపించి, చెడిన రేకును మంచిలోహము కనఁబడువఱకు కోయించి, క్రొత్తరేకు అతికించి వెల్డింగు చేయించి, గడ్డలను రాపించి, తుప్పునివారక ప్రైమరును, దానిపై రంగును పట్టించి, అవి పూర్తిగ నాఱు వఱకు ఓర్చుకొనుటయే ధర్మము. రంగు పచ్చిగ నున్నప్పుడు రబ్బరు ఎక్కించిన యెడల అది రంగునకు అంటుకొని, కదలవలసిన చోట కదలకుండును. మునుపెప్పుడైన ముందుభాగము దెబ్బతిని సాపుచేయఁబడిన కారైనచో, చట్రమునకు మూలనుండి మూలకు ఏటవాలుగ రెండువైపుల త్రాడు పెట్టి కొలిచి చూడవలెను. ఆ రెండు కొలతలును సమానముగ లేనిచో ఏ రబ్బరును ఆ లోపమును కప్పలేదు. రబ్బరు లేకుండ అద్దము నొక్కసారి చట్రమున కెదురుగ పట్టి, చుట్టును సందు సమముగ నున్నదేమో చూచుటయు మఱవరాదు. ఈ కొలతల పని విసుగు పుట్టించునది. కాని పనియంతటిలోను దీని కిచ్చిన కాలమే సార్థకమని నేను చెప్పుదును.

ఇఁక కూర్పు. రబ్బరును ముందుగ ఎండలోనో, గోరువెచ్చని నీటిలోనో కొంతసేపుంచి మెత్తపఱచి, మూలలు మూలలకు సరిపడునట్లు చూచుకొని, అద్దము చుట్టును తొడుగవలెను. అతుకు లేని మూసబీడింగు ఉత్తమము. గజములలెక్కన కొన్న బీడింగైనచో చుట్టుకొలతకంటె కొంచెము నిడివిగ కోసి, రెండు కొనలను ఒత్తిపట్టి అతుకవలెను. రబ్బరు కాలక్రమమున కుంచించునది గనుక సాగదీసి అతికిన కొనలు మొదటి వేసవికే విడిపోవును. తరువాత రేకుగాడిలో చుట్టును ఒక గట్టి పురికొసను, లేక నున్నని నైలానుత్రాడును ఇమిడ్చి, దాని రెండు కొనలను క్రిందిభాగమున నడుమ నొకదానిపై నొకటి జేనెఁడు దాఁటి వ్రేలాడునట్లు విడువవలెను. గాడికిని రేకు అంచునకును చిక్కని సబ్బునీరు పట్టింపవలెను. గ్రీజు, యింజనాయిలు, వాసెలీను పనికిరావు. అవి జాఱుటకు సాయపడునట్లే కనఁబడి, సహజరబ్బరును లోలోపల కుళ్ళింపఁజేయును. సబ్బునీ రెండిపోయిన వెనుక ఏమియు మిగులదు. గ్లిసరీనును రబ్బరునకు హాని చేయదు.

అప్పుడు ఇద్దఱు అద్దమును వెలుపలినుండి చట్రమున కానించి క్రిందియంచు సరిగ నడుమ కూర్చుండునట్లు పట్టుకొందురు. మరియొకఁడు బండిలోపల కూర్చుండి త్రాటి కొన నొకదానిని చేతఁబట్టును. అతఁడు త్రాటిని అద్దమునకు సమాంతరముగ గాక, తనవైపునకు, చట్రపు నడిమికి లాగుచుండఁగా, గాడిలోనుండి వెలువడు త్రాడు రబ్బరు లోపెదవిని పైకెత్తి రేకు అంచును దాఁటించును. ఆ పెదవి దాఁటిన చోటనే వెలుపలివాఁడు అరచేతితో తట్టవలెను. లోపలివాని మాట వెలుపలివానికి, వెలుపలివాని చేయి లోపలివానికి తెలియుచుండవలెను. "లాగు బాబూ, మెల్లిగా... ఆగు, మూల ఉంది" యని పెద్దమేస్త్రి గొంతు వినఁబడుచుండఁగా, క్రిందియంచు సగము ఒకవైపు, సగము మఱొకవైపు ముగించి, తరువాత నిలువులు, కడపట పైయంచు సాగవలెను. మూలలయందు పెదవి మొరాయించును. అచ్చట సబ్బునీరు మరల పోసి, త్రాటిని వెనుకకు ముందునకు అంగుళము మేర ఆడించుచు రాఁబట్టవలెనే గాని బలము హెచ్చింపరాదు. ఎక్కడనైన రబ్బరు లోపలికి మడిగినచో, మొద్దుకొన గల చెక్కపుల్లతో తీయవలెను. ఇనుము గాజు నంటిన చోట కంటికి కనఁబడని చిట్టు పుట్టి, నెల తరువాత గీఁతయై తేలును. త్రాడంతయు చేతికి వచ్చినప్పుడు, తొందరపడక, చుట్టును అరచేతితో తట్టుచు పోయి, అద్దము అన్నివైపుల సమముగ లోనికి దిగినదని తెలిసికొనవలెను. బిగింపుపట్టీని ఎక్కించుటకు కొన ఉంగరమువలె వంచిన చిన్న పనిముట్టు కలదు. పట్టీ దానిగుండ పోవుచు కాలువలో పడును. పట్టీ అతుకు, రబ్బరు అతుకు ఒక్కచోటికి రాకుండ చూడవలెను. క్రోమియము పట్టీని బిగించునప్పుడు సుత్తి నుపయోగించువారు అద్దమును చేతులార పోగొట్టుకొందురు.

ఈ కూర్పులో ఇంతవఱకు జిగురు ప్రసక్తి లేదని శ్రోతలు గమనించి యుందురు. సక్రమముగ కూర్చుండిన రబ్బరునకు జిగురు సాయము స్వల్పము. గాజునకును రబ్బరునకును నడుమ, రబ్బరునకును రేకునకును నడుమ, ఎన్నఁడును గట్టిపడని మెత్తని ముద్దరకపు సీలెంటును పలుచని నాళముతో పెదవి నెత్తి పలుచగ ఎక్కించిన చాలును. పైకి వచ్చినదానిని కఱ్ఱపుల్లతో తీసి తుడువవచ్చును. బజారులో గొట్టములలో దొరకు సిలికోనులలో పులిసిన వాసన గలవి ఆఱునప్పుడు ఎసిటికామ్లమును విడుచును. ఆ యామ్లము రేకును తుప్పుపట్టించును. నీటిని ఆపుటకు వేసిన మందే తుప్పునకు బీజము వేయును. అదియును గాక సిలికోను గట్టిపడి రబ్బరును కదలనీయదు; మన ఘాట్లలో కదలని రబ్బరు ఉన్నను లేనట్లే.

పని ముగిసిన మఱునాఁడు నీటిపరీక్ష. బండిపైన ఒక్కుమ్మడి నీరు కుమ్మరించుట పరీక్ష గాదు. లోపల నొకఁడు దీపముతో కూర్చుండఁగా, వెలుపల నొకఁడు సన్నని ధారను మొదట క్రిందియంచున, తరువాత నిలువులపై, చివఱకు పైయంచున కొంతకొంతసేపు పట్టవలెను. క్రింది మూలలో నీరు కనఁబడినంతమాత్రమున దోషము అచ్చటనే యుండునని భ్రమింపరాదు. పైయంచున చొచ్చిన నీరు గాడిలోనే కాలువగ ప్రయాణముచేసి, క్రింది మూలయందు బయటికి వచ్చుట సర్వసాధారణము. క్రిందినుండి పైకి పరీక్షించిననే జాడ దొరకును. వైపరు ఇరుసుల యొద్ద రబ్బరువలయములు చెడి అచ్చటనుండి వచ్చు నీటికి నిరపరాధియైన అద్దమును విప్పిన వారున్నారు గనుక, వానినిగూడ చూడవలెను.

ఈ పనికి మన కొండసీమలో తగిన కాలము చైత్రవైశాఖములు. అప్పుడు రబ్బరు మెత్తగ నుండును, రంగు చక్కగ నాఱును, తొలకరికి ముందు నెలరోజులు నడిపి చూచుకొనుటకు వీలుండును. పుష్యమాసపు కోరాపుట్టు చలిలో బీడింగు కఱ్ఱవలె బిగియును. తప్పనిసరియైనచో వేన్నీటి సాయము తీసికొనవలెను. అద్దము కూర్చిన దినముననే కిటికీలన్నియు మూసి గట్టిగ తలుపు వేయరాదు. లోపలి గాలి ఒత్తిడికి, ఇంకను స్థిరపడని అద్దము పైకి జరుగుట గలదు. ఒక కిటికీ దించియుంచి, ఒక రాత్రి కదల్పక, మఱునాఁడు చదునైన త్రోవలో నడిపి, అటుపిమ్మట ఘాటు నెక్కవలెను. ఏఁడాదికి రెండుమారులు పొడిగుడ్డతో దుమ్ము తుడిచి గ్లిసరీను పలుచగ పూసిన, క్రొత్తరబ్బరు దీర్ఘకాలము నిలుచును.

అంబాసిడరు తయారగుట 2014లో నిలిచిపోయినది. హిందుస్తాన్ 14, లాండ్‌మాస్టరులవంటి వానికి కర్మాగారపు బీడింగు దొరకుట ఎన్నఁడో నిలిచినది. ఇఁకమీఁద కావలసినవారు మూసపోయువారిచేత చేయించుకొనవలసినదే. మూసకు ఆధారము పాతరబ్బరు ఆకారమే. అందుచేత కోసి తీసిన బీడింగును అటకమీఁదికిఁగాని, చెత్తలోనికిఁగాని పాఱవేయక, నెఱ్ఱెలు లేని చోట ఒక జేనెఁడు ముక్కను, మూల వంపుగల ముక్కనొకదానిని కోసి, సబ్బునీట కడిగి, ఆరఁబెట్టి, కారుపేరును సంవత్సరమును చీటిపై వ్రాసికట్టి, వెలుతురు సోఁకని చోట మూఁతగల డబ్బాలో దాఁచియుంచుఁడు. ఆ ముక్క పొరుగూరివాని కారునకైనను పనికి రావచ్చును. ఎవరేని అడిగినయెడల కొలతలు తీసికొననీయుఁడు.